విక్టోరియా జలపాతం: జాంబియా, జింబాబ్వే బోర్డర్ మీద జలపాతానికి వెళ్ళేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఇక్కడికి రెండుసార్లు వెళ్ళాను, ఒకసారి ఏప్రిల్‌లో మా ఆవిడతో, ఇంకోసారి అక్టోబర్‌లో మా బావతో. ఫోటోలు పెట్టిన రోజు నుంచి ఇప్పటిదాకా ఫ్రెండ్స్, చుట్టాలు, వాళ్ళ ఆఫీసుల్లో వాళ్ళు అందరూ అవే డౌట్లు అడుగుతున్నారు, అందుకే అన్నీ ఒకచోట రాసేస్తున్నా. మీకు ఏది కావాలో నేరుగా దానికే వెళ్ళి చదువుకోండి.

## వెళ్దామా వద్దా అని ఆలోచించేటప్పుడు

ఇంతకీ ఇది ఏ దేశంలో ఉందండీ, జాంబియానా జింబాబ్వేనా?

రెండిట్లోనూ. ఈ రెండు దేశాలకీ మధ్య బోర్డర్ అంటే అక్కడ జాంబెజీ నదే, ఆ నది మొత్తం ఒక్కసారిగా ఒక పెద్ద పగుల్లోకి పడిపోతుంది, అదే జలపాతం. వెడల్పు 1,708 మీటర్లు, అంటే సుమారుగా పావు తక్కువ రెండు కిలోమీటర్లు, ఎత్తు అత్యధికంగా ఉన్నచోట 108 మీటర్లు. ప్రపంచంలో దీనికన్నా ఎత్తైనవి ఉన్నాయి, వెడల్పైనవీ ఉన్నాయి, కానీ ఎత్తూ వెడల్పూ కలిపి చూస్తే ఇంత పెద్ద నీటి తెర ఇంకెక్కడా లేదు. జాంబియా వైపు ఊరు పేరు లివింగ్‌స్టన్, జలపాతానికి 10 కిలోమీటర్ల దూరం. జింబాబ్వే వైపు ఊరి పేరే విక్టోరియా ఫాల్స్, అక్కడి నుంచి నడిచే వెళ్ళిపోవచ్చు. అక్కడివాళ్ళు దీన్ని మోసి ఓ అ తున్యా అంటారు, ఉరిమే పొగ అని అర్థం. స్కాట్లండ్ అన్వేషకుడు డేవిడ్ లివింగ్‌స్టన్ 1855 నవంబర్ 16న చూసి తన రాణి పేరు పెట్టాడు గానీ పాత పేరులో ఉన్నంత నిజం దాంట్లో లేదు, ఊళ్ళోకి వస్తుంటే ముందు కనపడేది పొగే, తర్వాత వినపడేది ఉరుమే.

నయాగరా చూసేశాం కదా, మళ్ళీ ఇంత దూరం వెళ్ళి ఇది చూడాలా?

అమెరికాలో ఉండే మనవాళ్ళు అందరూ అడిగేది ఇదే. చూడాలి. ఎత్తులో ఇది నయాగరాకి దాదాపు రెట్టింపు, కానీ అసలు తేడా ఎత్తు కాదు. ఇక్కడ నది పడేది ఒక ఇరుకు సందులోకి, ఆ సందుకి ఇవతలి గోడ కూడా జలపాతం అంత ఎత్తే ఉంటుంది, మీరు ఆ గోడ మీద నిలబడతారు. అంటే నీళ్ళు మీకు ఎదురుగా, మీ కళ్ళ ఎత్తు నుంచి మొదలై మీ కాళ్ళ కిందికి పోతుంటాయి, మధ్యలో ఉన్నది ఆ లోయ మాత్రమే. కింద పడ్డ నీళ్ళు పోవడానికి చోటు లేక తుంపరై పైకి లేస్తాయి, నీళ్ళు ఎక్కువున్నప్పుడు 400 మీటర్ల పైకి, 50 కిలోమీటర్ల దూరానికి కూడా కనపడేంత. ఆ తుంపర ఏడాదంతా పడబట్టి చుట్టూ ఎండిన గడ్డి ఉన్నా ఆ గోడ మీద మాత్రం ఒక చిన్న వర్షారణ్యం పెరిగింది. 1989లో యునెస్కో వారసత్వ జాబితాలో పెట్టారు.

ఏ నెలలో వెళ్తే బెస్ట్? ఒక్క మాటలో చెప్పండి.

ఒక్క మాటలో చెప్పలేనండీ, మీకేం కావాలో ముందు మీరు తేల్చుకోవాలి, ఎందుకంటే నిండు జలపాతం, అంచున ఈత రెండూ ఒకే ట్రిప్‌లో దొరకవు. మన కుంతాల, బొగత అయితే వానలు పడగానే పొంగుతాయి కదా, ఇది అలా కాదు. అక్కడ వానలు నవంబర్ నుంచి మార్చి దాకా, కానీ ఆ నీళ్ళు పడేది ఎక్కడో పైన అంగోలాలో, ఉత్తర జాంబియాలో, మధ్యలో బారోత్సె అనే పెద్ద వరద మైదానం ఆ నీళ్ళని స్పంజిలా పీల్చుకుని మెల్లగా వదులుతుంది. అందుకని జలపాతం దగ్గర వానలు ఆగిపోయాక, ఏప్రిల్ చుట్టుపక్కల, నది నిండుగా ఉంటుంది. అక్టోబర్, నవంబర్‌లో అడుగంటుతుంది.

ఏప్రిల్, మే: గర్జన, తుంపర, ఒళ్ళు గగుర్పొడిచే అనుభవం, కానీ పొగ ఎంత ఉంటుందంటే కొన్ని చోట్ల ఎదురుగా ఉన్న జలపాతమే కనపడదు, మా ఆవిడ మొదటి పది నిమిషాలు ఏది జలపాతం ఏది మబ్బు అని అడుగుతూనే ఉంది. సెప్టెంబర్ నుంచి డిసెంబర్: నల్ల రాతి గోడ మొత్తం కనపడుతుంది, నీళ్ళు పాయలు పాయలుగా, డెవిల్స్ పూల్ (జలపాతం అంచున ఈత కొట్టే మడుగు), మంచి రాఫ్టింగ్ ఈ టైంలోనే. జూన్ నుంచి ఆగస్టు: నీళ్ళు బాగానే ఉంటాయి, చూపు కూడా ఆనుతుంది, చలికాలం కాబట్టి ఎండ బాధ లేదు. ఫ్యామిలీతో మొదటిసారి, ఒక్కసారే వెళ్తాం అనేవాళ్ళకి నేను జులై చెప్తాను.

నవంబర్‌లో మొత్తం ఎండిపోతుందంట కదా, 2019లో ఫోటోలు చూశాం?

ఆ ఫోటోలు నిజమే, ఆ ఏడు కరువు గట్టిగా వచ్చింది. కానీ అవి ఎక్కువగా జాంబియా వైపు ఉండే జలపాతం భాగం, ఈస్టర్న్ కాటరాక్ట్ ఫోటోలు, అక్కడ నదీతలం కొంచెం ఎత్తు, మామూలు ఏడాదిలో కూడా అక్టోబర్, నవంబర్ వచ్చేసరికి ఆ వైపు వట్టి రాయి కనపడుతుంది. జింబాబ్వే వైపు డెవిల్స్ కాటరాక్ట్, మెయిన్ ఫాల్స్‌లో నీళ్ళు పడుతూనే ఉంటాయి. కాబట్టి ఆ నెలల్లో చూడ్డానికి జింబాబ్వే వైపు, డెవిల్స్ పూల్‌లో దిగడానికి జాంబియా వైపు అని ప్లాన్ చేసుకోండి.

రెండు వైపులా చూడాలా, ఒక్క వైపు సరిపోదా?

టైం ఉంటే రెండూ చూడండి, నా మటుకు నాకు ఒక వైపే చూసొచ్చిన వాళ్ళు సగమే చూసినట్టు అనిపిస్తుంది. జింబాబ్వే వైపు నుంచి ముప్పావు వంతు జలపాతం ఎదురుగా కనపడుతుంది, వరసగా వ్యూపాయింట్లు, తీరిగ్గా నడవచ్చు. జాంబియా వైపు కనపడేది తక్కువ, కానీ దగ్గర. నైఫ్ ఎడ్జ్ బ్రిడ్జి అని ఒక సన్నటి నడక వంతెన ఉంటుంది, ఏప్రిల్‌లో దాని మీద నడిస్తే కింద నుంచి పైకి వాన కురుస్తుంది, నిజంగానే కింద నుంచి పైకి. ఒక్కరోజే ఉంది అంటే మాత్రం జింబాబ్వే వైపు చూడండి.

## వీసా, టికెట్, టీకాలు

రెండు దేశాలు కాబట్టి రెండు వీసాలు తీసుకోవాలా?

దీనికోసమే కాజా యూనివీసా అని ఒకటి పెట్టారు, 50 డాలర్లు, 30 రోజులు, ఆ రెండు దేశాల మధ్య ఎన్నిసార్లైనా అటూ ఇటూ తిరగొచ్చు. అన్ని పాస్‌పోర్టులకీ ఇవ్వరు, లిస్టు మారుతుంటుంది, ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకీ అమెరికన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకీ రూల్స్ ఒకటి కాదు. ఒకే ఇంట్లో ఇద్దరికీ వేర్వేరు పాస్‌పోర్టులు ఉంటే ఇద్దరివీ విడివిడిగా చూసుకోండి. టికెట్ కొనకముందే రెండు ప్రభుత్వాల ఇమిగ్రేషన్ సైట్లలో చూసి ఆ పేజీ ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి, ఏజెంట్ చెప్పాడు కదా అని ఊరుకోవద్దు. కాజా కుదరకపోతే ఏ దేశంలో దిగుతున్నారో దాని వీసా, అటు వెళ్ళి తిరిగి వచ్చేలా ఉంటే డబుల్ ఎంట్రీ అడగండి.

హైదరాబాద్ నుంచి ఎలా వెళ్ళాలి?

డైరెక్ట్ ఫ్లైట్ లేదు. అడిస్ అబాబా మీదుగానో నైరోబీ మీదుగానో జొహానెస్‌బర్గ్ మీదుగానో వెళ్ళాలి. హైదరాబాద్ నుంచి అడిస్ అబాబాకి 2025లో డైరెక్ట్ సర్వీస్ మొదలైంది కాబట్టి మనకి ఇప్పుడు కొంచెం తేలికైంది. లివింగ్‌స్టన్‌లో ఒక ఎయిర్‌పోర్టు, విక్టోరియా ఫాల్స్‌లో ఒక ఎయిర్‌పోర్టు, రెండింటి రేట్లూ చూడండి, ఒక్కోసారి బోర్డర్ అవతలి ఎయిర్‌పోర్టుకి బాగా తక్కువ ఉంటుంది. టైం మనకన్నా మూడున్నర గంటలు వెనక.

ఎల్లో ఫీవర్ టీకా కంపల్సరీనా?

వేయించుకునే వెళ్ళండి. జలపాతం ఉన్న ఆ రెండు దేశాల కన్నా మీరు ఏ దేశం మీదుగా వెళ్తున్నారు అన్నదే ఇక్కడ లెక్క. ఇథియోపియా, కెన్యా రెండూ మన ప్రభుత్వం ఎల్లో ఫీవర్ లిస్టులో ఉన్నాయి, అంటే తిరిగి వచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే పసుపు కార్డు (టీకా వేయించుకున్న సర్టిఫికెట్) అడగొచ్చు, లేకపోతే క్వారంటైన్ దాకా వెళ్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ప్రభుత్వం గుర్తించిన సెంటర్లలోనే వేయించుకోవాలి, మామూలు క్లినిక్ కార్డు చెల్లదు. వేయించుకున్న 10 రోజుల తర్వాతే కార్డు చెల్లుబాటు అవుతుంది కాబట్టి ఆఖరి వారం దాకా ఆగొద్దు. ఒకసారి వేస్తే జీవితాంతం పనికొస్తుంది. అరవై దాటినవాళ్ళు, గర్భిణులు, గుడ్డు ఎలర్జీ ఉన్నవాళ్ళు ముందు డాక్టర్‌ని అడగాలి.

మలేరియా ఉంటుందా అక్కడ?

ఉంటుంది, ముఖ్యంగా వానాకాలంలో. ముందు నుంచి వేసుకునే మాత్రలు డాక్టర్ రాస్తారు, వచ్చాక కూడా కొన్నాళ్ళు వేసుకోవాలి, మధ్యలో మానేయొద్దు. సాయంత్రం నుంచి ఫుల్ హ్యాండ్స్, దోమల క్రీం. వచ్చిన తర్వాత కొన్ని వారాల్లో జ్వరం వస్తే వైరల్ అనుకుని పారాసిటమాల్ వేసుకుని పడుకోవద్దు, ఆఫ్రికా వెళ్ళొచ్చాం అని డాక్టర్‌కి ముందే చెప్పి రక్తపరీక్ష చేయించండి.

డబ్బులు ఏ కరెన్సీలో తీసుకెళ్ళాలి?

అమెరికన్ డాలర్లు, చిన్న నోట్లు ఎక్కువగా, ఒకటి, ఐదు, పది, ఇరవై. చిరిగినవి, బాగా పాతవి తీసుకోరు. జింబాబ్వేలో 2024 నుంచి జిగ్ అని కొత్త కరెన్సీ ఉంది గానీ టూరిస్టు దగ్గర అన్నీ డాలర్లలోనే నడుస్తాయి, చిల్లర మాత్రం దొరకదు. జాంబియాలో క్వాచా, కార్డు కూడా బాగానే పనిచేస్తుంది. పార్క్ టికెట్ విదేశీయులకి జింబాబ్వే వైపు 50 డాలర్లు, జాంబియా వైపు 20, ఈ రేట్లు పెరుగుతుంటాయి కాబట్టి కాస్త ఎక్కువే పెట్టుకోండి.

## అక్కడికి చేరాక

బోర్డర్ నడిచి దాటొచ్చంట, నిజమేనా?

నిజమే, నాకు ఆ ట్రిప్ మొత్తంలో జలపాతం తర్వాత అంత ఇష్టమైంది అదే. జింబాబ్వే ఇమిగ్రేషన్‌లో స్టాంప్ వేయించుకుని బయటికొచ్చి, విక్టోరియా ఫాల్స్ బ్రిడ్జి మీద నడిచి, అవతల జాంబియా ఇమిగ్రేషన్‌కి వెళ్తాం. ఈ ఇనుప వంతెనని ఇంగ్లండ్‌లో డార్లింగ్టన్ అనే ఊళ్ళో తయారుచేసి ముక్కలుగా ఓడలో తెచ్చి ఇక్కడ బిగించారు, 1905 సెప్టెంబర్ 12న ప్రారంభించింది చార్లెస్ డార్విన్ కొడుకు జార్జ్ డార్విన్. రైళ్ళ మీద జలపాతం తుంపర పడాలని కోరుకున్న బ్రిటిష్ వలస నాయకుడు సెసిల్ రోడ్స్ అది పూర్తయ్యేసరికి బతికి లేడు. 1975 ఆగస్టులో రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) గొడవ తేల్చడానికి నాయకులందరూ ఈ వంతెన నడిమధ్యలో ఆపిన రైలు పెట్టెలో కూర్చుని మాట్లాడుకున్నారు, ఎవరూ ఎవరి దేశంలోకీ వెళ్ళక్కర్లేకుండా. చర్చలు ఫలించలేదు, ఇంకో నాలుగేళ్ళు యుద్ధం నడిచింది. వంతెన మధ్యలో నిలబడినప్పుడు ఆ పెట్టెలు కళ్ళముందు కనపడ్డట్టే ఉంది నాకు.

వీసా అక్కర్లేకుండా వంతెన మాత్రమే చూసి వెనక్కి వస్తాం అంటే ఇమిగ్రేషన్‌లో బ్రిడ్జి పాస్ అడగండి, చిన్న చీటీ రాసిస్తారు. పాస్‌పోర్టు మాత్రం చేతిలో ఉండాలి.

నిజంగా అంత తడుస్తామా? ఫోన్ సంగతేంటి?

మార్చి నుంచి జూన్ మధ్య వెళ్తే బట్టలతో స్నానం చేసినట్టే. గేటు దగ్గర రెయిన్‌కోట్లు అద్దెకిస్తారు, అయినా తడుస్తారు. చెప్పులు కాకుండా పట్టు ఉన్న శాండిల్స్ వేసుకోండి, రాళ్ళు పాచిపట్టి ఉంటాయి. ఫోన్‌కి జిప్‌లాక్ కవర్ చాలదు, మెడలో వేసుకునే వాటర్‌ప్రూఫ్ పౌచ్ ఇక్కడే కొనుక్కెళ్ళండి. పాస్‌పోర్టులు హోటల్ లాకర్‌లో పెట్టండి, బోర్డర్ దాటే రోజు అయితే రెండు కవర్లలో చుట్టి పెట్టుకోండి. జింబాబ్వే వైపు చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు, డేంజర్ పాయింట్ దగ్గర అసలే లేదు, తడి రాయి, పక్కనే లోయ. అక్కడ సెల్ఫీ కోసం వెనక్కి వెనక్కి నడిచే వాళ్ళని చూస్తే నాకు కాళ్ళలో వణుకొచ్చింది, దయచేసి ఆ పని చేయకండి.

కోతులు లాక్కుంటాయంట?

మన తిరుమల కోతుల్లాంటివి కాదు, బబూన్లు, కుక్క అంత ఉంటాయి, పళ్ళు చాలా పెద్దవి. జాంబియా వైపు పార్కింగ్ దగ్గర మా బావ చేతిలో ఉన్న చెక్కల కవర్ ఒకటి సూటిగా వచ్చి లాక్కుని పోయింది, బావ గట్టిగా పట్టుకోకుండా వెంటనే వదిలేశాడు కాబట్టి సరిపోయింది. తినేవి ఏవీ బయట కనపడనివ్వద్దు, లాగితే వదిలేయండి.

ప్యూర్ వెజ్ వాళ్ళకి తిండి దొరుకుతుందా?

దొరుకుతుంది. అక్కడి ముఖ్యమైన తిండి మొక్కజొన్న పిండితో గట్టిగా కెలికిన ముద్ద, జింబాబ్వేలో సద్జా, జాంబియాలో ఎన్‌షిమా అంటారు, చేత్తోనే తింటారు. సీమ వాళ్ళకి సంగటి తిన్నట్టే ఉంటుంది, కాకపోతే తెల్లగా. పక్కన ఆకుకూర, చిక్కుళ్ళు, కొన్నిచోట్ల గుమ్మడి ఆకుల్లో వేరుశనగ పొడి వేసి వండిన కూర, అది అద్భుతం. ఆర్డర్ చేసేటప్పుడు కపెంటా వేయొద్దని చెప్పండి, అవి చిన్న ఎండు చేపలు. మొపానె వార్మ్స్ అని వేయించినవి పెడతారు, అవి గొంగళిపురుగులు. మేం కందిపొడి, ఊరగాయ తీసుకెళ్ళాం, సద్జాలో కందిపొడి కలిపితే ఇంట్లో తిన్నట్టే ఉంది.

రాత్రిపూట ఊళ్ళో నడవొచ్చా?

వద్దు, దొంగల భయం కన్నా ఏనుగుల భయం. విక్టోరియా ఫాల్స్ ఊరు నేషనల్ పార్క్ అంచునే ఉంది, చీకటి పడ్డాక ఏనుగులు రోడ్ల మీదికి వస్తాయి. అడవిపందులు అయితే పగలే పచ్చికలో మోకాళ్ళ మీద కూర్చుని మేస్తుంటాయి. సాయంత్రం ఆరు దాటితే పక్క సందులో హోటల్‌కైనా టాక్సీ ఎక్కండి. కరెంటు కోతలు ఉంటాయి, జాంబెజీ మీదే కరెంటు కోసం కట్టిన కరీబా డ్యామ్‌లో నీళ్ళు తగ్గితే రెండు దేశాలూ ఇబ్బంది పడతాయి, అందుకని పవర్‌బ్యాంక్, చిన్న టార్చ్ పెట్టుకోండి. ప్లగ్గులు మూడు చదును పిన్నుల బ్రిటిష్ రకం ఎక్కువ, అడాప్టర్ కావాలి.

రోడ్డు మీద అమ్మేవాటిలో ఏం కొనొచ్చు?

న్యామి న్యామి అని పాము ఒంటికి చేప తల ఉన్న లాకెట్ కొనండి, జాంబెజీ నదికి దేవుడు, తోంగా జనం నమ్మకం. కరీబా డ్యామ్ కట్టినప్పుడు తన భార్య నుంచి తనని విడదీశారని కోపగించి వరదలు తెచ్చాడని చెప్తారు, అమ్మే కుర్రాడు ఆ కథ చెప్తుంటే బేరం ఆడాలనిపించలేదు నాకు. 2009 నాటి వంద ట్రిలియన్ జింబాబ్వే డాలర్ల నోట్లు కూడా అమ్మజూపుతారు. ధరలు విపరీతంగా పెరిగి డబ్బు విలువ పోయిన ఆ రోజుల్లో జీవితాంతం దాచుకున్న డబ్బు పోగొట్టుకున్న మనుషులే ఇవాళ వాటిని అమ్ముతున్నారని గుర్తుపెట్టుకుని మర్యాదగా మాట్లాడండి.

## సాహసాలు

డెవిల్స్ పూల్‌లో దిగారా? నిజంగా సేఫేనా?

దిగాను, అక్టోబర్‌లో. జాంబియా వైపు నుంచి పడవలో లివింగ్‌స్టన్ దీవికి తీసుకెళ్తారు, జలపాతం అంచునే ఉన్న దీవి అది. అక్కడి నుంచి కొంత రాళ్ళ మీద నడిచి, కొంత నదిలో అడ్డంగా ఈది, ఒక మడుగు దగ్గరికి చేరతాం. ఆ మడుగుకి అంచున నీళ్ళ కింద ఒక రాతి గట్టు ఉంది, అదే మనల్ని ఆపేది, దానికి అవతల నేరుగా లోయ. గైడ్ ముందు తను వెళ్ళి కూర్చుని మనల్ని రమ్మంటాడు. నేను బోర్లా పడుకుని గట్టు మీద గడ్డం ఆనించి కిందికి చూశాను, నీళ్ళు నా భుజాల పక్కనుంచి జారి పడిపోతున్నాయి, కింద పూర్తి గుండ్రంగా ఒక ఇంద్రధనుస్సు. మడుగులో చిన్న చేపలు కాళ్ళు కొరుకుతుంటాయి, ముందే చెప్పకపోతే ఉలిక్కిపడతారు, ఆ చోట ఉలిక్కిపడటం మంచిది కాదు.

సేఫా అంటే, నీళ్ళు తక్కువున్నప్పుడు, గైడ్ చెప్పినట్టు విన్నంతవరకూ. సుమారుగా ఆగస్టు మధ్య నుంచి జనవరి మధ్య దాకా తెరుస్తారు, ఆ ఏడు నీటిమట్టాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది. మూసేశాక, మేం తీసుకెళ్తాం రండి అని బయట ఎవరైనా అంటే ఎంత తక్కువకైనా వెళ్ళొద్దు.

ఈత రాదు, అయినా డెవిల్స్ పూల్‌కి వెళ్ళొచ్చా?

నా సలహా అయితే వద్దు. తాడు ఉంటుంది, గైడ్లు ఉంటారు, కానీ ప్రవాహంలో కంగారుపడని అలవాటు మీకు ఉండాలి. దీవి దాకా వెళ్ళి అంచు దగ్గర నిలబడి చూసి రావచ్చు, అదే చాలామందికి జీవితాంతం గుర్తుండిపోతుంది.

వంతెన మీద బంజీ జంప్ చేశారా?

నేను చేయలేదు, బావ చేశాడు. 111 మీటర్లు, కింద జాంబెజీ. 2011 డిసెంబర్ 31న ఇక్కడ ఒక ఆస్ట్రేలియా అమ్మాయికి తాడు తెగి, కాళ్ళు కట్టేసి ఉండగానే నదిలో పడి, ఈది బయటపడింది, ఈ విషయం తెలిసే నిర్ణయం తీసుకోవాలి. బీపీ, వెన్ను, కళ్ళ సమస్యలు ఉంటే దాచి దూకొద్దు. బావ పైకి వచ్చాక పావుగంట ఏం మాట్లాడలేదు, తర్వాత వాళ్ళ అమ్మకి ఫోన్ చేశాడు.

రాఫ్టింగ్ కొత్తవాళ్ళు చేయగలరా?

చేయగలరు, కానీ ఇది రిషికేశ్ లాంటిది అనుకుని రావద్దు. జలపాతం కింద బటోకా లోయలో వరసగా పెద్ద పెద్ద సుళ్ళు, చాలావరకు గ్రేడ్ 4, 5. ఒక దానికి కమర్షియల్ సూయిసైడ్ అని పేరు, దాని దగ్గర జనాన్ని దింపి ఒడ్డున నడిపిస్తారు. పడవ తిరగబడటం మామూలు విషయం, లైఫ్‌జాకెట్ గట్టిగా బిగించుకుని కాళ్ళు ముందుకు పెట్టి తేలాలి. నిజంగా ఒళ్ళు హూనమయ్యేది నదిలో కాదు, అయిపోయాక లోయ నుంచి పైకి ఎక్కాలి, నిటారు దారి, మండే ఎండ. నీళ్ళు తక్కువున్న ఆగస్టు, డిసెంబర్ మధ్య బావుంటుంది, బాగా నిండినప్పుడు ఆపేస్తారు. ఈ లోయలోనే బటోకా డ్యామ్ కట్టాలని ఎప్పటినుంచో ప్లాన్ ఉంది, కడితే ఈ సుళ్ళలో చాలావరకు నీళ్ళ కింద పోతాయి. రెండు దేశాలకీ కరెంటు ఎంత అవసరమో కోతల్లో ఉండి చూశాను, అయినా ఆ నది అలా నిలిచిపోతుందంటే నాకు బాధగానే ఉంటుంది.

డబ్బులు ఎక్కువ పెట్టలేం, టికెట్‌లోనే అయిపోయే సాహసం ఏదైనా ఉందా?

జాంబియా వైపు బాయిలింగ్ పాట్ దారి. మెట్లు, రాళ్ళు, చిన్న వాగు దాటుకుంటూ తాటి చెట్ల మధ్యలోంచి లోయ అడుగుకి దిగుతారు, అక్కడ జలపాతం నీళ్ళన్నీ ఒక మలుపులో సుడి తిరుగుతూ మరుగుతున్నట్టు ఉంటాయి, తలెత్తితే పైన వంతెన. దిగడం అరగంట, ఎక్కడం మీ మోకాళ్ళని బట్టి. నీళ్ళు ఎక్కువున్న నెలల్లో మూసేస్తారు.

రాత్రిపూట ఇంద్రధనుస్సు కనపడుతుందంట, నమ్మొచ్చా?

నమ్మండి, మేం చూశాం. పౌర్ణమికి అటూ ఇటూ రెండు మూడు రాత్రులు పార్క్ మళ్ళీ తెరుస్తారు, వేరే టికెట్. వెన్నెల తుంపర మీద పడి విల్లు వస్తుంది, కంటికి తెల్లగా, పాలగీతలా కనపడుతుంది, కెమెరాలో ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ పెడితే రంగులు వస్తాయి. తుంపర కావాలి కాబట్టి ఏప్రిల్ నుంచి జులై లోపు పౌర్ణమి చూసుకుని టికెట్లు బుక్ చేసుకోండి.

అమ్మానాన్నలకి డెబ్భై దాటాయి, తీసుకెళ్ళొచ్చా?

తీసుకెళ్ళండి. జింబాబ్వే వైపు దారి చాలావరకు చదును, మధ్యమధ్యలో బెంచీలు ఉన్నాయి, పొద్దున్నే గేటు తెరిచే టైంకి వెళ్తే జనం తక్కువ, ఎండ తక్కువ. జూన్, జులై అయితే దారి అంతగా జారదు, పొద్దున చలికి స్వెట్టర్ మాత్రం పెట్టండి. సాయంత్రం జలపాతానికి పైన ప్రశాంతంగా ఉండే నదిలో పడవ షికారు ఉంటుంది, నీటి గుర్రాలు, మొసళ్ళు, ఒడ్డున ఏనుగులు, మెట్లు ఎక్కే పని లేదు. మేం వెళ్ళిన పడవలో తమిళనాడు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉంది, సూర్యుడు దిగిపోతుంటే నదికి దణ్ణం పెట్టుకుంది, పడవ నడిపే అతను అది చూసి ఇంజిన్ ఆపేశాడు. అప్పుడు వినపడింది దూరంగా ఆ ఉరుము.